వివరాలమ్మ, ముప్పై ఎనిమిది టూళ్ళు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. మెకానిక్కుల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె వివరాలమ్మే. ఆ పేరు పెట్టింది అందరికంటే పాత మెకానిక్కు. ఒకనాడు అతను ఫోన్ చేసి, "అమ్మా, ఆ రెండో వీధి బిల్డింగులో పనైపోయింది" అన్నాడు.

"ఏ రెండో వీధి? స్టేషన్ వైపుదా, కాలువ వైపుదా? పనైపోయిందంటే తలుపు మూసుకుంటోందా, మూసుకోని తలుపును చూసి వచ్చేశావా?" అంది ఆమె.

అతను ఫోన్ కాస్త పక్కకు పెట్టి, "ఈ వివరాలమ్మతో వేగలేక చస్తున్నాను" అని ఎవరితోనో అన్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది.

"ఆ, వివరాలమ్మనే. ముందు ఏ వీధో చెప్పు" అంది.

ఇరవై మూడేళ్ళుగా ఆమెది ఫోన్ల గదిలో ఉద్యోగం. నాలుగు బల్లలు, గోడ నిండా నగరం పటం, దాని మీద రంగు తలల గుండుసూదులు. కిటికీ తెరిస్తే పక్క వర్క్‌షాపులో గ్రైండరు రొద, మూస్తే ఉక్క. ఫోన్ మోగితే ఎవరి లిఫ్టు ఎక్కడ ఆగిందో కనుక్కుని, దగ్గర్లో ఉన్న మెకానిక్కును పంపడం ఆమె పని. ఎంత కంగారుపడుతున్న మనిషి చేతనైనా మూడు ప్రశ్నల్లో అసలు సంగతి చెప్పించగలదు.

ఇంట్లో మాత్రం ఆ విద్య సాగేది కాదు. భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దున్నే స్నానాల గదిలోంచి, "ఏమేవ్, ఆ ఇది ఎక్కడ పెట్టావ్?" అని కేక వేసేవాడు.

"ఏది?"

"అదే, నిన్న దాని మీద ఉంది చూడు, అది."

పాతికేళ్ళ కాపురంలో 'అది' అంటే ఏదో, 'దాని మీద' అంటే దేని మీదో ఆమె ఊహించి తెచ్చి ఇస్తూనే ఉంది. ఊహ తప్పినప్పుడు, "ఇది కాదే, అది" అనేవాడు తప్ప వస్తువు పేరు చెప్పిన పాపాన పోలేదు. ఆఫీసుకు వచ్చాక ఆమె మెకానిక్కుల మీద పడేదంటే అందులో ఆయన వాటా కూడా కొంత ఉంది.

అలాంటి ఆఫీసుకు ఒకరోజు ఏఐ ఏజెంట్ వచ్చింది. ఫోన్ చేసినవాళ్ళతో మాట్లాడి, ఏం కావాలో తెలుసుకుని, ఆ పని తానే చేసిపెడుతుందన్నారు. పని చేయడానికి దానికి ముప్పై ఎనిమిది టూళ్ళు ఇచ్చారు. టూలంటే చేత పట్టుకునే స్పానరు కాదు, ఒక్కో పని చేసే చిన్న ప్రోగ్రాం. ఒకటి మెకానిక్కును పంపుతుంది, ఒకటి తేదీ మారుస్తుంది, ఒకటి లిఫ్టును దూరం నుంచే ఆపుతుంది. ప్రతి టూలుకూ ఒక పేరు, కింద అది ఏం చేస్తుందో చెప్పే వివరణ. ఏజెంట్‌కు కనబడేది ఆ పేరూ, ఆ వివరణే. లోపల ఏముందో దానికి తెలియదు. ఆ రెండు ముక్కలూ చదివే ఏ టూలు వాడాలో నిర్ణయించుకుంటుంది.

మెకానిక్కులు దానికి కొత్తల్లుడని పేరు పెట్టారు. మాట మర్యాదగా ఉంటుంది, ఏం తెలుసో ఏం తెలియదో పైకి కనబడదు, ఇంట్లో ఒక్కరూ దాన్ని పల్లెత్తు మాట అనడానికి వీల్లేదు.

మూడో వారంలో గొడవ మొదలైంది. పదకొండంతస్తుల బిల్డింగొకటి ఉంది. లిఫ్టు కిర్రుమంటోందని అక్కడి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. పాత మెకానిక్కు వెళ్ళి బాగుచేశాడు. వాచ్‌మన్ సంతోషపడి, మళ్ళీ ఫోన్ చేసి, "పనైపోయిందండీ, కంప్లైంటు క్లోజ్ చేసేయండి" అన్నాడు. "తప్పకుండానండీ" అంది కొత్తల్లుడు. మరుక్షణం లిఫ్టు మూడో అంతస్తులో ఆగి, తలుపు తెరిచి, లోపలి వాళ్ళను దింపేసి, దీపం ఆర్పేసుకుంది.

మెకానిక్కు మళ్ళీ వెళ్ళాడు. ఆగిన లిఫ్టును తిరిగి నడిపించాలంటే పైనున్న మిషను గదికి వెళ్ళి చేత్తో స్విచ్చి వేయాలి. లిఫ్టు లేదు కాబట్టి పదకొండంతస్తులూ మెట్లెక్కాడు. వెతికితే లోపమేమీ కనబడలేదు. స్విచ్చి వేస్తే లిఫ్టు నడిచింది. కిందికి దిగాడు. వాచ్‌మన్ ఫోన్ తీసి, "బాగైపోయిందండీ, క్లోజ్ చేసేయండి" అన్నాడు. లిఫ్టు ఆగిపోయింది.

మూడోసారి ఎక్కి దిగాక మెకానిక్కు ఫోన్ల గదికి ఫోన్ చేశాడు. గొంతులో ఊపిరి తప్ప మాట లేదు.

"అమ్మా... మీ అల్లుడు... నన్ను చంపేట్టున్నాడు."

"ఎక్కడున్నావ్? ఎన్నిసార్లు ఎక్కావ్? ప్రతిసారీ వాచ్‌మన్ ఏమన్నాడు? అతనన్న మాట అన్నట్టే చెప్పు."

'క్లోజ్' అన్న మాట వినగానే ఆమె కంప్యూటరులో ఆ వారం ఉన్నట్టుండి ఆగిపోయిన లిఫ్టుల జాబితా తీసింది. పదిహేడున్నాయి. పదిహేడూ అప్పుడే బాగుపడ్డవి. ఫిర్యాదు తీరనివాళ్ళ లిఫ్టులన్నీ మూలుగుతూనో ముక్కుతూనో తిరుగుతున్నాయి. బాగుపడి, కృతజ్ఞతగా ఫోన్ చేసినవాళ్ళవే ఆగిపోయాయి.

మేనేజరు మీటింగు పెట్టాడు. ఏజెంట్‌కు తెలివి చాలడం లేదు, ఇంకా పెద్దది తెప్పిద్దామన్నాడు. ప్రోగ్రామరు, ముప్పై అయిదేళ్ళ మనిషి, కళ్ళకింద చారలతో కూర్చుని ఉన్నాడు. టూళ్ళన్నీ సరిగ్గానే పనిచేస్తున్నాయని, కావాలంటే పరీక్ష చేసి చూపిస్తానని అన్నాడు.

"ఆ లిఫ్టు ఆపే టూలుకు ఏం రాశారో ఒకసారి చదువు నాయనా" అంది వివరాలమ్మ.

"పేరు క్లోజ్ అండీ."

"వివరణ?"

"'క్లోజ్ చేస్తుంది.'"

"దేన్ని?"

"లిఫ్టునే కదండీ."

"అది అక్కడ రాసుందా?"

"లేదనుకోండి. కానీ అర్థమవుతుంది కదా మేడమ్."

"ఎవరికి?"

ప్రోగ్రామరు ఆ రెండు మాటలనూ మళ్ళీ చదువుకున్నాడు.

"సరే, ఫిర్యాదు ముగించే టూలు ఏది?"

"స్టేటస్ అప్‌డేట్ అండీ. వివరణ, 'స్టేటస్ మార్చును.'"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వాచ్‌మన్ క్లోజ్ చేయమన్నాడు. దాని ముందు క్లోజ్ అని ఒకటుంది. పాపం అది ఇంకేం చేస్తుంది? రేపు ఈ గదిలోకి కొత్తమ్మాయి ఉద్యోగానికి వస్తే, ఈ కాగితం చేతికిచ్చి కూర్చోబెడితే, ఆ పిల్ల మాత్రం వేరే బటన్ నొక్కుతుందా? మీ తలలో ఉన్నది దాని తలలోకి ఎగిరి వెళ్తుందనుకున్నారా?"

మేనేజరు ఊపిరి పీల్చుకుని, "అయితే మీరే రాయండి" అన్నాడు. ఆ మాటలో శిక్ష ఎంతుందో, నమ్మకం ఎంతుందో ఆమెకు తెలియలేదు. ముప్పై ఎనిమిదీ అచ్చు తీయించుకుని తన బల్ల దగ్గరికి తెచ్చుకుంది.

చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఒక టూలు పేరు 'పంపు'. వివరణ, 'పంపును.' అంతే. మెకానిక్కును పంపే టూలు అది. కానీ ఈ కంపెనీవాళ్ళు కొన్ని బిల్డింగుల్లో నీళ్ళ పంపులు కూడా చూస్తారు. లిఫ్టు ఆగిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఏజెంట్ ఈ టూలు జోలికే పోకుండా ఆ ఫోన్‌ను ఫోన్ల గదికే కలిపేసేది. నీళ్ళు రావడం లేదన్నవాళ్ళ ఇంటికి మాత్రం లిఫ్టు మెకానిక్కును పంపింది. వెళ్ళినవాడు పంపు ముందు నిలబడి ఫోన్ చేసి, తెల్లమొహం వేసుకుని, "ఇప్పుడు దీన్నేం చేయమంటారు?" అని అడిగాడు.

ఇంకో టూలుకు తేదీ ఇవ్వాలి. రోజు ముందా, నెల ముందా రాయలేదు. ఏప్రిల్ మూడున రావాల్సిన తనిఖీ మార్చి నాలుగుకు పడి, అప్పటికే గడిచిపోయిన తేదీ కనక ఎవరూ వెళ్ళలేదు. మరో టూలు పని కాకపోతే 'తప్పు 7' అని జవాబిచ్చేది. ఏజెంట్ ఆ మాటే తీసుకెళ్ళి, లిఫ్టు కోసం చూస్తున్న ముసలావిడతో, "క్షమించండి, తప్పు ఏడు వచ్చింది" అని చెప్పింది. "ఏడు తప్పులు నేనేం చేశాను తల్లీ?" అని ఆ పెద్దావిడ ఫోన్ల గదికి ఫోన్ చేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"తప్పు ఏడంటే ఏమిటి?" అని ప్రోగ్రామరును నిలదీసింది వివరాలమ్మ.

"ఖాళీగా మెకానిక్కు ఎవరూ లేరని అండీ."

"ఆ ముక్కే రాయరాదూ? ఎవరూ ఖాళీ లేరు, నలభై నిమిషాలాగి మళ్ళీ చూడు, లోపల మనిషి చిక్కుకుని ఉంటే వెంటనే ఫోన్ల గదికి కలుపు అని. ఏడంటే ఏమిటో నీకు తెలుసు, నాకు తెలియదు. దానికెలా తెలుస్తుంది?"

"జవాబులు మార్చాలంటే కోడు మార్చాలి మేడమ్."

"మార్చు."

అతను మొహం మాడ్చుకున్నాడు గాని మార్చాడు.

నాలుగు వారాలు రాసింది. ప్రతి టూలుకూ అది ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, పక్కనున్న టూలుకూ దీనికీ తేడా ఏమిటి, చేతికి ఏమేం ఇవ్వాలి అని రాసింది. 'క్లోజ్' పేరు 'లిఫ్టు ఆపు' అయింది. కింద, 'లిఫ్టును నడవకుండా ఆపేస్తుంది. తిరిగి నడపాలంటే మనిషి వెళ్ళాలి. ఫిర్యాదు ముగించమని అడిగితే దీన్ని వాడవద్దు. దానికి "ఫిర్యాదు ముగింపు" ఉంది' అని రాసింది. అక్కడితో ఆగలేదు. ఇరవై మూడేళ్ళలో తాను చూసిన ప్రతి పొరపాటునూ ఎక్కడో ఒకచోట ఇరికించింది. మెకానిక్కును పంపే టూలు వివరణ రెండు పేజీలైంది. అందులో మధ్యలో ఎక్కడో, తప్పు బిల్డింగుకు మనిషిని పంపిన పాత సంగతి గుర్తొచ్చి, 'లిఫ్టు నమోదు సంఖ్య తెలుసుకోకుండా ఎవరినీ పంపవద్దు' అని రాసింది. రాసి, కింద గీత కూడా గీసింది.

"ఇంత పొడుగెందుకు మేడమ్?" అన్నాడు ప్రోగ్రామరు.

"పొట్టిగా రాసి నువ్వు ఉద్ధరించింది చూశాం కదా."

అతను అన్నీ ఎక్కించేశాడు. వారం రోజులు లిఫ్టులు ఆగలేదు, పంపుల దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. మేనేజరు రెండుసార్లు వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడి నవ్వి వెళ్ళాడు. పాత మెకానిక్కు, "అల్లుడు దారికొచ్చాడమ్మా" అన్నాడు. వివరాలమ్మ ఆ వారమంతా తలెత్తుకుని తిరిగింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆమె ఆడపడుచు ఫోన్ల గదిలోకి తుఫానులా వచ్చింది. ఆవిడ భర్తకు అక్క, డ్రైవింగు స్కూలు నడుపుతుంది. ఎదురుగా లారీ వస్తున్నా బ్రేకు మీద కాలు వేయని వాళ్ళకు ఇరవై ఏళ్ళుగా కారు నేర్పుతోంది. ఆవిడ గొంతు గురించి చెప్పనక్కర్లేదు.

"నీ వాడెక్కడే? ఎదురుగా చూపించు, వాడి సంగతి చెప్తాను!"

"ఎవరు వదినా? ఏమైంది? కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

"కూర్చోవడమా? ముప్పై అయిదు నిమిషాలు నిలబడే ఉన్నాను, పళ్ళ డాక్టరు లిఫ్టులో! రెండు అంతస్తుల మధ్యలో! లోపల మీ కంపెనీ నెంబరుంటే ఫోన్ చేశాను. ఎవడో మహా మర్యాదగా మాట్లాడాడు. అయ్యా, లోపల ఇరుక్కున్నాను, ఎవరినన్నా పంపమన్నాను. లిఫ్టు నమోదు సంఖ్య చెప్పమన్నాడు. ఎక్కడుంటుందయ్యా అంటే, లిఫ్టు బయట, తలుపు పైన రేకు మీద ఉంటుందన్నాడు. బయటికెళ్ళి చూసి చెప్పమన్నాడే నన్ను! బయటికెళ్ళగలిగితే నీకు ఫోన్ చేయడమెందుకురా అని అరిచాను. 'మీ ఇబ్బంది నాకు అర్థమైందండీ. నమోదు సంఖ్య చెప్పగలరా?' అన్నాడు. ఆరుసార్లు! చివరికి డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల నా కేకలు విని, పై నుంచి నెంబరు చదివి చెప్పింది."

వివరాలమ్మకు గీత గీసిన ఆ వాక్యం కళ్ళముందు ఆడింది.

"అది వాడి తప్పు కాదు వదినా" అంది మెల్లగా. "ఆ ముక్క రాసింది నేనే."

ఆవిడ ఒక్క క్షణం గుడ్లప్పగించి చూసింది. "నువ్వా? వివరాలమ్మవి నువ్వా?" అంది. ఆ మాటలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. దాంతో ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఆవిడ మంచినీళ్ళు తాగి, "తమ్ముడికి చెప్పను లే" అని వెళ్ళిపోయింది. సాయంత్రానికి తమ్ముడికీ, తమ్ముడి దుకాణానికి వచ్చిన నలుగురికీ చెప్పింది.

ఆ మధ్యాహ్నం వివరాలమ్మ ఆ రెండు పేజీలూ తీసి మళ్ళీ చదివింది. లోపల చిక్కుకున్న మనిషిని తాను ఈ ఇరవై మూడేళ్ళలో ఏనాడైనా నమోదు సంఖ్య అడిగిందా? అడగలేదు. అడగకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనకు తాను చెప్పుకోనూ లేదు. నోటికి తెలిసిన ఆ విషయం చేత్తో రాయాల్సి వచ్చేసరికి జారిపోయింది. రాసిన రెండు పేజీల్లో ఎప్పుడో ఒకసారి జరిగినవన్నీ ఉన్నాయి. రోజూ జరిగేది లేదు. ప్రోగ్రామరును అన్న మాటలన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మర్నాడు పాత ఫోన్ కాల్స్ రికార్డులు తెప్పించుకుని, చెవులకు తగిలించుకుని కూర్చుంది. తన గొంతు తనకే నచ్చలేదు. ఇంత కటువుగా మాట్లాడతానా అనుకుంది. అయినా రెండు రోజులు విన్నది. నలభై కాల్స్‌లో ముప్పై తొమ్మిదింట్లో తాను మొదట అడిగింది ఒకటే: "లోపల ఎవరైనా ఉన్నారా?" ఉన్నారంటే రెండోది, "ఏ బిల్డింగు, ఏ వీధి?" అది చెప్పగానే, ఒక చేత్తో మెకానిక్కుకు ఫోన్ కలుపుతూనే, మూడోది, "ఒంట్లో బాగానే ఉందా?" మిగిలినవన్నీ మెకానిక్కు బయలుదేరాకే.

కాగితం పట్టుకుని ప్రోగ్రామరు దగ్గరికి వెళ్ళింది. అతను ఆమెను చూడగానే భుజాలు బిగించుకున్నాడు.

"నువ్వన్నది నిజమే నాయనా. పొడుగైపోయింది."

అతను ఆమెకు కుర్చీ లాగి వేశాడు.

"నమోదు సంఖ్య లేకుండా, బిల్డింగూ వీధీ చెబితే చాలని టూలును మార్చగలవా?"

"టూలుకు ఏమేం ఇవ్వాలో చెప్పే పట్టికలో నమోదు సంఖ్య తప్పనిసరి అని పెట్టిందే నేను మేడమ్. మీరు రాయకపోయినా అది అడిగేది" అన్నాడు అతను, కాస్త సిగ్గుపడుతూ. "మార్చేస్తాను."

ఆమెకు కొంచెం ఊరట కలిగింది. వెంటనే, 'ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా' అని చిర్రెత్తుకొచ్చింది కూడా. కానీ పైకి అనలేదు.

రెండు పేజీలు ఏడు వాక్యాలయ్యాయి. 'ఆగిన లిఫ్టు దగ్గరికి మెకానిక్కును పంపుతుంది. ముందుగా లోపల ఎవరైనా ఉన్నారేమో అడుగు. ఉంటే బిల్డింగు, వీధి తెలియగానే పంపు, ఇంకేమీ అడగవద్దు. లోపల ఎవరూ లేకపోతే, నమోదు సంఖ్య అడుగు; అది తెలియదంటే బిల్డింగు పేరుతో పంపు. నీళ్ళ పంపుల ఫిర్యాదులకు వాడవద్దు. పంపాక, ఎంతసేపట్లో వస్తారో జవాబులో ఉంటుంది. అది ఫోన్ చేసినవారికి చెప్పు.' రాసినదాన్ని ముందు పాత మెకానిక్కుకు చదివి వినిపించింది. తరువాత ఆ వారమే చేరిన కొత్త ఉద్యోగిని చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా, తానే ఫోన్ చేసిన మనిషిలా కేకలు వేసింది. ఆ అమ్మాయి హడలిపోయింది గాని, మనిషిని మాత్రం సరిగ్గానే పంపింది. అప్పుడుగాని ప్రోగ్రామరుకు ఇవ్వలేదు. మిగిలినవాటినీ అలాగే ఒక్కొక్కటే కోసి, మార్చి, మళ్ళీ చదివించింది.

కోయగా, మార్చగా చివరికి ఒకటి మిగిలింది. దాని పేరు 'సర్దుబాటు'. వివరణ, 'అవసరమైనప్పుడు సర్దుబాటు చేస్తుంది.' మొదటిసారి దాన్ని రాసేటప్పుడు ఆమె ఏదో నాలుగు మాటలు ఊహించి నింపింది. ఇప్పుడు అలా నింపడానికి చేయి రాలేదు. ప్రోగ్రామరును అడిగింది. తనకు ముందున్నవాడు పెట్టాడన్నాడు. ఆ ముందున్నవాడు ఉద్యోగం మానేసి ఎక్కడో బేకరీ పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే, "సర్దుబాటా? ఏమోనండీ, గుర్తులేదు. ముఖ్యమైనదే అయ్యుంటుంది" అన్నాడు.

ఆమె మేనేజరు గదికి వెళ్ళింది.

"దీన్ని తీసేయించండి. ఇదేం చేస్తుందో మనలో ఒక్కరికీ తెలియదు. తెలియనిదానికి నేను వివరణ రాయను."

"తీసేస్తే ఏదన్నా ఆగిపోతే?"

"ఉంచితే ఏదన్నా అయితే?"

"ఏదో ఒకటి రాసి ఉంచేద్దాం లెండి. ఇన్నాళ్ళూ ఉంది కదా."

"ఇన్నాళ్ళూ దాన్ని నొక్కేవాళ్ళు లేరండీ. ఇప్పుడొకడున్నాడు. ఏది చేతికిచ్చినా పనికొచ్చేదే అనుకుంటాడు."

మేనేజరు ఆలోచిస్తానన్నాడు. వారం ఆలోచించాడు. పై ఆఫీసుకు రాస్తానన్నాడు. పై ఆఫీసువాళ్ళు అది ఏం చేస్తుందో వివరంగా రాసి పంపితే, తీసేయాలో వద్దో చెబుతామన్నారు. ఆ ఉత్తరం చదివి వివరాలమ్మ తల బల్లకేసి కొట్టుకోవడమే తక్కువ. ఏం చేస్తుందో తెలిస్తే తీసేయమని ఎందుకు అడుగుతాం అని తిరిగి రాసింది. దానికి, మీ లేఖ అందింది అని జవాబు వచ్చింది. ఆరు వారాలు, నాలుగు ఉత్తరాలు, రెండు మీటింగులు. చివరికి ఒక గురువారం ఉదయం పదిన్నరకు ప్రోగ్రామరు ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచి, ఆమె చూస్తుండగా ఆ టూలును తీసేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఫోన్ల కేసి చూశారు. ఏమీ కాలేదు. ఏ లిఫ్టూ ఆగలేదు, ఏ పంపూ మొరాయించలేదు.

"చూశారా, దాంతో పనే లేదు" అన్నాడు మేనేజరు సంతోషంగా. ఆరు వారాలుగా ఆ మాట తనే చెబుతున్నట్టు.

అది అసలేం చేసేదో ఆమెకు ఇవాళ్టికీ తెలియలేదు. ఎవరైనా కదిపితే, ఆ ఉత్తరాల కట్ట సొరుగులోంచి తీసి బల్ల మీద పెడుతుంది, ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంది. వినేవాళ్ళు సగంలోనే ఏదో పనుందని లేచి వెళ్ళిపోతారు.